వడ్రంగుల సంఘం వార్షిక నివేదిక: ప్యానల్ సాతో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించినట్టే ఉమ్మడి వర్క్‌షాప్‌కు ఒక సెకండ్‌హ్యాండ్ ప్యానల్ సా, అంటే జరిగే బల్ల మీద పెద్ద పలకలు కోసే రంపం యంత్రం, కొన్నాం. ఈ ఏడాది సంఘం సమయంలో ఎక్కువ భాగం దానికే పట్టింది. ఖాతాల వివరాలు కోశాధికారి విడిగా పంపారు కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

మొదటి వారాల్లో అందరం నిరాశపడ్డాం. కోసిన పలకకు మూలమట్టం పెట్టి చూస్తే బాగానే ఉండేది, క్యాబినెట్ బిగించేసరికి తలుపులు వాలేవి. చివరికి ఐదు కోతల పరీక్ష చేశాం. పలకను తిప్పుతూ, ఇప్పుడే కోసిన అంచును ఫెన్స్‌కు (పలకను సూటిగా నిలిపే ఆనుడు పట్టీకి) ఆనించి, నాలుగు అంచులూ వరసగా కోయాలి. ఐదోసారి మొదటి అంచు నుంచే సన్నని బద్ద తీయాలి. ఆ బద్ద రెండు చివర్ల వెడల్పు తేడాను నాలుగుతో భాగిస్తే, అంత పొడవుకు ఫెన్స్ ఎంత తప్పిందో తెలుస్తుంది. మనకు 1.2 మి.మీ. తేడా వచ్చింది, అంటే ఒక్కో కోతకు 0.3. మూలమట్టానికి చిక్కని తప్పు ఇలా నాలుగింతలై కంటికి కనిపించింది. ఫెన్స్ సరిచేశాక తలుపులు కుదిరాయి. నా దృష్టిలో ఈ ఏడాది మనం నేర్చుకున్న అతి విలువైన పని ఇదే.

శిక్షణ మొదటి రోజున ఈ యంత్రం చరిత్ర చెప్పాలని కమిటీలో నేనే పట్టుబట్టాను. స్థిరమైన బల్లున్న రంపం మీద చెక్కను చేత్తో నెట్టాలి. చెయ్యి కాస్త పక్కకు పోతే కోత వంకర, ఆ అంచును మళ్లీ చిత్రిక పట్టాలి. 1906లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ చెక్కను బల్ల మీద కదలనివ్వకుండా, దాన్ని మోసే ఆ బల్లనే బ్లేడ్ పక్కగా జరిగేలా చేశారు. ఆయన సంస్థ తర్వాత జర్మనీలోనే ఉన్న మిండెన్‌కు మారింది, ఇప్పటికీ అక్కడే ఉంది. మన మిషన్ ఆ సంస్థది కాదు, కానీ పద్ధతి ఆయనదే. చాలా దేశాల్లో ఏ కంపెనీ మిషన్‌నైనా వడ్రంగులు ఆయన పేరుతోనే పిలుస్తారు.

లామినేట్ అంటించిన పార్టికల్ బోర్డు వచ్చాక ఆ ఆలోచన విలువ ఇంకా పెరిగింది. లామినేట్ అంచు పెచ్చులు లేస్తే చిత్రికతో సర్దుకోలేం, రంపం దగ్గరే కోత శుభ్రంగా రావాలి. అందుకే పెద్ద బ్లేడ్‌కు ముందు చిన్న స్కోరింగ్ బ్లేడ్ ఉంటుంది. అది ఎదురు దిశలో తిరుగుతూ పలక అడుగున ఒకటి రెండు మి.మీ. లోతు గాడి ముందే కోస్తుంది. దాని గాడి పెద్ద బ్లేడ్ గాడికి సూటిగా రాకపోతే అంచున మెట్టు పడుతుంది. దీని సెట్టింగ్‌కే శిక్షణలో ఒక పూట పోయింది, పోనివ్వాల్సిందే.

ఒక సంఘటన బాధతో రాస్తున్నాను. బ్లేడ్ వెనకుండి కోత మూసుకోకుండా ఆపే రేకు, అంటే రైవింగ్ నైఫ్, తీసేసి ఒక సభ్యుడు పలక కోశారు. కోత మూసుకుని బ్లేడ్‌ను పట్టేయడంతో పలక వెనక్కి ఎగిరి గోడకు కొట్టుకుంది. ఎవరికీ దెబ్బ తగలలేదు. 300 మి.మీ. బ్లేడ్ నిమిషానికి 4000 సార్లు తిరిగితే పంటి వేగం గంటకు 225 కిలోమీటర్లు దాటుతుంది. ఇకపై రైవింగ్ నైఫ్, గార్డ్ లేకుండా ఎవరూ స్విచ్ వేయకూడదు. 120 మి.మీ. కంటే సన్నని బద్దలు కోసేటప్పుడు తోపుడు కర్ర తప్పనిసరి. ఆల్టెన్‌డార్ఫ్ సంస్థ ఇటీవల కెమెరాలతో చేతిని గుర్తించి బ్లేడ్‌ను బల్ల కిందికి దించే ఏర్పాటు తెచ్చింది. అది మనకు అందేవరకూ ఈ నియమాలే మన రక్షణ.

వచ్చే ఏడాదికి కమిటీ ప్రతిపాదన ఒక్కటే, పొట్టు లాగే యంత్రం కొనడం. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. సమావేశంలో దీన్నే మొదటి అంశంగా పెడుతున్నాం, అందరూ రండి.

— కార్యదర్శి