ఆ తేదీని మార్చకుండా ఉండాల్సింది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జీవితకథగా 2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ గురించి రాస్తూ, తనకు హెచ్‌ఐవీ ఉందని తెలిసి కూడా ఆయన 1985 జూలై 13న లండన్‌లోని వెంబ్లీ వేదికపై పాడారని మీ వ్యాసకర్త మెచ్చుకున్నారు. సినిమాలో అలాగే చూపించారు. జరిగింది అది కాదు. ఆ సంగతి తెలిసింది 1987 ఏప్రిల్‌లో అని ఆయనతో కలిసి జీవించిన జిమ్ హటన్ తన జ్ఞాపకాల్లో రాశారు.

ప్రభుత్వ ఆసుపత్రిలోని హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో పద్దెనిమిదేళ్లు కౌన్సెలర్‌గా పనిచేసి నిరుడు పదవీ విరమణ చేశాను. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఆకుపచ్చ తెర, ఒక మంచినీళ్ల చెంబు, అదీ నా గది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ మాట అక్కడే చెప్పేదాన్ని. పిల్లలు పుట్టిన తేదీలకు తడుముకునేవాళ్లు కూడా ఆ రోజు తేదీని మాత్రం ఠక్కున చెప్పడం ఎన్నోసార్లు విన్నాను. అందుకే, కథ రక్తి కట్టడం కోసం ఒక మనిషి జీవితంలోని ఆ తేదీని రెండేళ్లు వెనక్కి జరిపితే నాకు మనసొప్పడం లేదు.

పాంచ్‌గణిలోని బడిలో చదువుకుంటూ అక్కడి కుర్రాళ్ల బృందంలో పియానో వాయించిన ఫరూఖ్ బల్సారాను, అంటే చిన్ననాటి ఫ్రెడ్డీని, సినిమా ఒకటి రెండు మాటలతో దాటేసింది. దానికి నాకు బాధ లేదు, రెండుంపావు గంటల్లో అన్నీ పట్టవు. ఆ పాత్ర వేసిన రామీ మలెక్ నటనకు ఆస్కార్ న్యాయంగానే వచ్చింది. నా బాధ వేరు. స్నేహితులను వదిలి వెళ్లినందుకు శిక్షగా రోగం, ప్రాయశ్చిత్తంగా కచేరీ అన్నట్టు కథ అల్లారు. నిజానికి క్వీన్ బృందం విడిపోనే లేదు. ఆ 1985లోనే జనవరిలో రియోలో, మే నెలలో జపాన్‌లో కలిసే పాడారు. రోగం శిక్ష అనే ఆ మాటను రోగుల మనసుల్లోంచి తీసేయడానికే నా ఉద్యోగంలో సగం కాలం పోయింది.

పైగా, ఇరవై నిమిషాల ఆ వెంబ్లీ ప్రదర్శనతో కథ ముగించి, తర్వాతి ఆరేళ్లను తెరమీద నాలుగు వాక్యాలకు కుదించారు. అసలు ధైర్యం ఉన్నది అక్కడ కదా! 1988లో స్పెయిన్ ఒపెరా గాయని మోంసెరాత్ కబాయేతో కలిసి పాడిన ‘బార్సెలోనా’ ఆల్బమ్ వచ్చింది. 1989లో ఒకటి, 1991 ఫిబ్రవరిలో మరొకటి క్వీన్ ఆల్బమ్‌లు వచ్చాయి. నిలబడే ఓపిక సన్నగిల్లినా స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ స్టూడియోకు వెళ్లి పాడుతూనే ఉన్నారు. ప్రాణం నిలిపే మందుల కలయిక 1996కు గానీ రాలేదు. 1991 నవంబరు 23న తన జబ్బు పేరు లోకానికి చెప్పి, మర్నాడే నలభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు. ఆ స్టూడియోలో చప్పట్లు కొట్టే జనం లేరు కాబట్టి సినిమాకు పనికిరాలేదేమో.

నాకు ఒక తల్లి గుర్తొస్తారు. ఫలితం విన్న రోజు మధ్యాహ్నమే, కూలి పోతుందని, మిర్చి యార్డుకు వెళ్లి చీకటిపడేదాకా తొడిమలు తీశారు. మర్నాడు ఘాటు వదలని చేతులతో వచ్చి, “మందులు ఎప్పటినుంచి ఇస్తారు మేడమ్?” అని అడిగారు. తర్వాత పదకొండేళ్లు, నెల తప్పకుండా, ఆ మందుల వరుసలో ఆమెను చూశాను. తెలిసిన తర్వాత బతకడం అంటే నాకు తెలిసింది అది.

మీ పత్రిక మా కేంద్రంలో బల్లమీద ఉండేది. వరుసలో కూర్చున్నవాళ్లు పేజీ పేజీ చదివేవారు, ఇప్పుడూ చదువుతూనే ఉంటారు. వచ్చే ఆదివారం అదే పేజీలో ఆ తేదీని సరిచేసి వేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత కౌన్సెలర్, గుంటూరు