శనివారం స్క్రీనింగ్‌కి కలిసి వెళ్దాం

అందరికీ నమస్తే. ఈ శనివారం ఉదయం 10 గంటలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ ఉంది. 30 దాటినవాళ్లందరూ రండి. గురువారం సాయంత్రంలోగా నాకు విడిగా మెసేజ్ పెట్టండి, గ్రూప్‌లో చెప్పక్కర్లేదు.

పోయినసారి చాలామంది ఆగిపోయారు. సిగ్గు, నొప్పి భయం, పిల్లల్ని ఎవరు చూస్తారన్న బెంగ, ‘నాకే బాధా లేదు కదా’ అన్న ధీమా. ఈ చివరిదే నాకు ఎక్కువ టెన్షన్. కణాలు క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో పైకి ఏమీ తెలియదు. సులువుగా నయమయ్యేది అప్పుడే.

నేను చేయించుకున్నప్పుడు కాళ్లు బిగుసుకుపోయాయి. ‘ఊపిరి వదలండమ్మా’ అంది నర్సు. నాలుగుసార్లు వదిలేలోపు చిన్న బ్రష్‌తో నమూనా తీసేశారు.

చూసేది లేడీ డాక్టరే. పిల్లల్ని తీసుకురండి, నేను, ఇంకొకరు కలిసి బయట చూసుకుంటాం.

ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయించుకున్నా పరీక్ష మానొద్దు.

మర్చిపోవద్దు: రెండు రోజుల ముందు నుంచి కలయిక వద్దు, లోపల పెట్టే మందులు, క్రీములు వద్దు. ఆ రోజు నెలసరి ఉంటే చెప్పండి, ఇంకో తేదీ చూద్దాం.