ఎలుకనూ మనిషినీ ఒకే తూకాన తూచవద్దు

సంపాదకులకు నమస్కారములు.

ఏకాగ్రతలో మనిషి కంటే ఎలుకే మెరుగన్న మాట ఈ మధ్య మా రాయగడలో చదువుకున్నవారి నోట కూడా వినబడుతున్నది. కానీ ఈ ఇద్దరినీ పరీక్షించే తీరే వేరు. 1980లలో కేంబ్రిడ్జిలో మెదడు శాస్త్రవేత్త ట్రెవర్ రాబిన్స్ బృందం ఎలుకల కోసం రూపొందించిన పరీక్షలో, పెట్టె గోడకున్న అయిదు రంధ్రాలలో ఏదో ఒకదానిలో క్షణకాలం దీపం వెలుగుతుంది. ఎలుక అందులో ముక్కు పెడితే మేత గుళిక దొరుకుతుంది, తొందరపడి ముందే పెడితే పెట్టె కాసేపు చీకటవుతుంది. ఆ ఎలుకకు ముందే తిండి తగ్గించి, వారాల తరబడి తర్ఫీదు ఇస్తారు.

1948లో నార్మన్ మాక్‌వర్త్ ప్రకటించిన ప్రయోగంలోనైతే మనుషులు రెండు గంటలు గడియారపు ముల్లులా గెంతుతూ తిరిగే ఒక ముల్లునే చూస్తూ, అది అరుదుగా మామూలు గెంతుకు రెట్టింపు దూరం గెంతినప్పుడల్లా గుర్తించాలి. తొలి అరగంట దాటేసరికే తప్పిపోయేవి పెరిగాయి. వారికి ఆకలీ లేదు, గుళికా లేదు, నోటిమాటగా చెప్పిన సూచన తప్ప. కొరాపుట్ మార్గంలో రాత్రిపూట గూడ్సు నడిపే లోకో పైలట్ పని దీనికే దగ్గర.

ఎలుకల ప్రయోగాలు వృథా అనను. ఏకాగ్రతలో ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం పాత్ర తెలియడానికి అవి ఎంతో తోడ్పడ్డాయి. అయితే ఇటువంటి పోలికలు ప్రచురించేటప్పుడు పరీక్ష ఎంతసేపు సాగిందో, బహుమతి ఏమిటో కూడా మీ విజ్ఞాన పుటలో ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక ఉపాధ్యాయుడు, రాయగడ, ఒడిశా