కవిలె కట్టలు చెదల పాలు కాకముందే

సంపాదకులకు నమస్కారం.

తాతముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏం చేసి బతికారు, ఎవరితో వియ్యమందారు అన్నది తెలుసుకోవాలన్న కోరిక మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల యువతలో ఈ మధ్య బాగా కనబడుతోంది. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ముత్తాత పేరేమిటని అడుగుతున్నారు. ఆ పేరు చెప్పగలిగిన పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఇప్పుడు లేరు. చరిత్రలు రాజులకూ జమీందార్లకూ గానీ మనబోటి వాళ్లకు ఎక్కడుంటాయని తల్లిదండ్రులు ఆ మాటను అక్కడితో తుంచేస్తున్నారు. రెవెన్యూ శాఖలో పాత రికార్డుల మధ్యనే ఉద్యోగ జీవితం గడిపి పదవీ విరమణ చేసిన నాకు ఆ మాట విన్నప్పుడల్లా కష్టంగా ఉంటుంది. మన జిల్లాల్లోని సామాన్య కుటుంబాల చరిత్రకు ఆధారాలు ఉన్నాయి. అవి మన కళ్లముందే పాడైపోతున్నాయి. వాటిని కాపాడి జనానికి అందుబాటులోకి తేవలసిన బాధ్యత జిల్లా యంత్రాంగం మీద ఉందని, ఆ సంగతి మీ పత్రిక ద్వారా అందరి దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఎవరైనా వెతుకులాట ఇంటిపేరుతోనే మొదలుపెడతారు, అది సబబే. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లు. అవి సాధారణంగా కుటుంబం ఇప్పుడు ఉంటున్న ఊరిని కాక వదిలి వచ్చిన ఊరిని చెబుతాయి, ఎందుకంటే సొంత ఊళ్లో ఉన్నవాణ్ణి ఎవరూ ఆ ఊరి పేరుతో పిలవరు. రాజమహేంద్రవరంలో 1848లో పుట్టిన వీరేశలింగం గారి ఇంటిపేరు, ఆయన పూర్వులు మన కందుకూరు నుంచి వెళ్లినవారు కావడం వల్ల వచ్చినది. తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో జీవించిన త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, ఆయన పెద్దల ఊరు కంభం ప్రాంతంలోని కాకర్ల అని చెబుతారు. తమిళనాట తరతరాలుగా స్థిరపడిన ఎన్నో తెలుగు కుటుంబాలు భాష కొంత మారినా ఇంటిపేరును మాత్రం పోనివ్వలేదు. అయితే ఇంటిపేరు దారి చూపుతుందే తప్ప సాక్ష్యం కాదు. ఒకే ఊరి నుంచి కదిలిన వేరువేరు కులాల వాళ్లకు ఒకే ఇంటిపేరు ఉండటం మన దగ్గర మామూలు విషయం. ఇంటిపేరు కలిసింది గనుక దాయాదులమనుకోవడం, ఇంకా ముందుకు పోయి ఏదో ఒక రాజవంశానికి ముడిపెట్టుకోవడం నాకు నచ్చని పని. గొప్పలు చెప్పుకోవడానికే అయితే వంశం వెతకనక్కర లేదు. మన వాళ్లు ఏ కరువులో ఊరు విడిచారో, ఎవరి పొలంలో పాలికి ఉన్నారో తెలుసుకోవడానికి వెతకాలి.

ఇంటిపేరు తర్వాత తేల్చుకోవలసింది కాగితం ఏ కచేరీలో ఉందన్నది. ఇక్కడే చాలామంది విసిగి మానుకుంటారు. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోది. ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది, 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన కొత్త జిల్లాకు ఒంగోలే ముఖ్యపట్టణమైంది, ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970 దాకా నెల్లూరు కిందే ఉన్నాయి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు కింద ఉన్నాయి. 2022లో సరిహద్దులు మళ్లీ మారాయి. వీటన్నిటికీ తోడు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మనం మద్రాసు ప్రభుత్వం కింద ఉన్నవాళ్లం కనుక, పై స్థాయి దస్తరాల కోసం నేటికీ చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్ తలుపు తట్టవలసి వస్తోంది. ఒంగోలు దగ్గర ఒక కుటుంబం తరతరాలుగా ఊరు కదలకపోయినా, నాలుగైదు తరాల వెనక్కి పోవాలంటే మూడు జిల్లాల పేర్లతో వెతకాలన్న మాట. ఏ గ్రామం ఏ కాలంలో ఏ తాలూకా, ఏ జిల్లా కింద ఉండేదో, ఆ కాలపు రికార్డు ఇప్పుడు ఎక్కడ ఉందో తెలిపే పట్టిక ఒకటి ప్రతి కలెక్టరేటులో గోడ మీద ఉంటే జనానికి ఎంత తిరుగుడు తప్పుతుందో చెప్పలేను.

ఆ రికార్డులలో నేను అన్నిటికంటే విలువైనదిగా చూసేది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. ఇనాం అంటే గుడికో, పండితుడికో, గ్రామసేవకో శిస్తు లేకుండా గానీ తక్కువ శిస్తుతో గానీ ఇచ్చిన భూమి. 1860 ప్రాంతంలో ఇనాం కమిషన్ ఊరూరా విచారణ జరిపి, ప్రతి ఇనాం భూమికీ హక్కు ఎలా వచ్చిందో రాయించింది. పేజీ నిండా నిలువు గడులు, ఇంగ్లీషు చేతిరాత. ఇనాం ఎందుకోసం ఇచ్చారు, ఎవరు ఇచ్చారు, మొదట పుచ్చుకున్నది ఎవరు, పాత ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) లెక్కల్లో ఎవరి పేరు నడిచింది, విచారణ నాటికి అనుభవంలో ఉన్నది ఎవరు, వారి వయసెంత, ఎక్కడ ఉంటారు, మొదటి ఇనాందారుకు ఏమవుతారు అన్నవన్నీ ఒకే అడ్డవరుసలో దొరుకుతాయి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఇవి అర్చకులకూ పండితులకూ సంబంధించిన కాగితాలే అనుకుంటారు గానీ అది పొరపాటు. కమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి, వెట్టి, నీరుగంటి, వీళ్లందరికీ గ్రామసేవ కింద మాన్యాలు ఉండేవి. గుడిలో ఆడి పాడిన స్త్రీలకు కూడా సొంత పేరున ఇనాములు ఉండేవి. నేను చూసిన ఒక వడ్రంగి మాన్యం వరుసలో తాత పేరు, ఆయన కొడుకు పేరు, అనుభవదారుగా మనవడి పేరు, పక్కన అతని వయసు ఉన్నాయి. చదువన్నది ఎరగని ఇంట్లో సుమారు రెండు వందల ఏళ్ల కిందటి చరిత్ర ఆ ఒక్క గీత మీద నిలిచింది.

ఇనాం లేని రైతుల పేర్లు కరణాలు రాసిన కవిలెల్లో (ఊరి లెక్కల కట్టల్లో), ఏ పొలం ఎవరి సాగులో ఉందో చెప్పే అడంగళ్లలో, భూములు కొలిచి శిస్తు కట్టినప్పుడు రాసిన సెటిల్‌మెంటు రిజిస్టర్లలో ఉంటాయి. వెంకటగిరి జమీందారీ కింద ఉండిన పొదిలి, దర్శి వైపు ఊళ్లలో మాత్రం 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటుకు ముందు రైతు పేరు ప్రభుత్వ పుస్తకంలో అంత తేలికగా దొరకదు. జమీందారీ లెక్కల్లోనే చూసుకోవాలి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు గ్రామ లెక్కలు కొన్ని తాలూకా కచేరీలకు చేరాయి, కొన్ని ఆ కుటుంబాల అటకల మీదే ఉండిపోయాయి. కచేరీకి చేరినవన్నీ భద్రంగా ఉన్నాయనీ అనలేను. ఒక కార్యాలయంలో వాన నీరు కారిన గోడ పక్కన ఉన్న కట్టను విప్పితే, ఎర్రగుడ్డ రంగు కాగితాలకు అంటుకుని, ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయి, పైనుంచి కిందకు చెద తొలిచిన దారి స్పష్టంగా కనబడింది. అంచుల్లోని సర్వే నంబర్లు మిగిలాయి, నడుమ ఉన్న పేర్లు పోయాయి. నంబరు మిగిలితే భూమికి వారసుడు దొరుకుతాడేమో గానీ, పోయిన పేరును తిరిగి రాయడం ఎవరి తరమూ కాదు.

భూమి లేనివాళ్ల సంగతి ఏమిటన్నది అసలైన ప్రశ్న. మన జిల్లాల్లో సగానికి సగం చరిత్ర వాళ్లదే. ధాత కరువుగా పెద్దలు చెప్పుకునే 1876-78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమంది పేదలకు పని చూపించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఏ కరణం కవిలెలోనూ పట్టాదారుగా ఎక్కని అలాంటి కుటుంబాలకు పెద్దల పేరు మొదటిసారి కాగితం మీద కనబడే చోటు చర్చి రిజిస్టరే కావచ్చు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదైన పెళ్లిళ్లకు వధూవరుల తండ్రుల పేర్లు కూడా రాయాలి గనుక అక్కడ రెండు తరాలు కలిసి దొరుకుతాయి. ముస్లిం కుటుంబాలు ఇదే విధంగా ఖాజీల నిఖా పుస్తకాలు చూసుకోవచ్చు.

యానాదుల, ఎరుకల పరిస్థితి ఇంతకంటే బాధాకరం. నేరస్థ తెగల చట్టం కింద కావలి, బిట్రగుంటల్లోని నిర్బంధ సెటిల్‌మెంట్లలో ఉంచిన కుటుంబాల పేర్లను ప్రభుత్వం జాగ్రత్తగానే రాసుకుంది, కానీ నేరస్థులుగా రాసుకుంది, వేలిముద్రలతో సహా. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ఆ పుస్తకాల్లో తాత పేరు దొరికిన మనవడు తలవంచుకోవలసింది ఏమీ లేదు. పుట్టుకను నేరంగా రాసిన తప్పు ఆనాటి ప్రభుత్వానిది. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక అక్కడి యానాది కుటుంబాలు దీవి విడిచి చెదిరిపోయాయి. వారి పాత గూడేల పేర్లు, ఎవరు ఎక్కడికి వెళ్లారన్న వివరం ఇప్పటి వృద్ధుల నోట మాత్రమే ఉంది. ఇది రాసిపెట్టడానికి రికార్డు గది తాళంచెవి కూడా అవసరం లేదు, ఒక ఫోను, ఓపిక ఉన్న ఒక మనిషి చాలు.

నోటి మాట అంటే తేలిక భావం వద్దు. రెడ్లు, కాపులు మొదలైన వ్యవసాయ కుటుంబాల గోత్రాలూ వంశక్రమాలూ చెప్పే పిచ్చుకుంట్ల వారిని ఇప్పుడు ప్రభుత్వ జాబితాల్లో వంశరాజులంటున్నారు. కోతలయ్యాక కల్లంలోకి వచ్చి, గింజలు పుచ్చుకుని, ఆ ఇంటి మూలపురుషుడి దగ్గర నుంచి ఎవరికి ఎందరు కొడుకులు, ఎవరు ఏ ఊరు వెళ్లారు అన్నది తడుముకోకుండా చెప్పుకుంటూ వచ్చేవారు. మధ్యలో ఒక పేరు తప్పితే ఇంటి పెద్ద అక్కడే సరిదిద్దేవాడు. మాదిగలకు దక్కలివారు, వైశ్యులకు వీరముష్టివారు ఇలాంటి ఆశ్రితులే. ఇప్పుడు కోతమిషన్ పొలంలోనే ధాన్యం రాల్చి పోతోంది, కల్లమే లేదు, గింజలు అడిగే సందర్భమూ లేదు. వాళ్ల పిల్లలు వేరే పనులు చూసుకున్నారు, అది వాళ్ల మేలుకే. కానీ ఆ జ్ఞాపకం పూర్తిగా పోకముందే వారికి తగిన పారితోషికం ఇచ్చి చెప్పించుకుని భద్రపరచడం సాంస్కృతిక శాఖ చేయదగిన పని.

స్త్రీల పేర్లు మరీ త్వరగా మాయమవుతాయి. తద్దినంలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు అంటూ మూడు తరాల పేర్లు చెబుతారు గానీ వాళ్ల పుట్టింటి పేరు చెప్పరు. వంశవృక్షం గీసేటప్పుడు కూడా కోడళ్లను భార్య అన్న ఒక్క మాటతో సరిపెడతారు. వారిని వెతకడానికి రిజిస్ట్రారు కచేరీ ఒక మంచి దారి. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన దస్తావేజులో ఆమె పేరు, తండ్రి పేరు, భర్త పేరు, అత్తవారి ఊరు అన్నీ ఉంటాయి. భాగపంపిణీ దస్తావేజుల్లో అన్నదమ్ముల వరుస ఉంటుంది. ఇంట్లోనైతే ఎనభై ఏళ్లు దాటిన అమ్మమ్మలనూ జేజమ్మలనూ అడగాలి. ఏ సంవత్సరంలో పుట్టావని అడిగితే వాళ్లు చెప్పలేరు. మీ అమ్మ పుట్టింటికి ఏ బండి దారిన వెళ్లేవారు, ఆ ఊళ్లో మునసబు ఎవరు, 1927 నవంబరులో నెల్లూరును ముంచిన గాలివాన గురించి మీ అమ్మ ఏం చెప్పేది అని అడిగితే వరుసగా పేర్లు వస్తాయి.

పాత జాతకాలు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో సాధారణంగా ప్రభవ, విభవ అంటూ సంవత్సరం పేరే ఉంటుంది, ఆ పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనది. ధాత సంవత్సరంలో పుట్టిన వెంకటసుబ్బయ్య 1876 వాడా, 1936 వాడా అన్నది తిథి, వారం, నక్షత్రం మూడూ పంచాంగంతో సరిచూస్తే గానీ తేలదు. అలా చూడకపోతే తాతా మనవలు ఒక్కరైపోయి రెండు తరాలు కొట్టుకుపోతాయి.

ఉమ్మి నమూనా పంపిస్తే మూలాలు చెబుతామనే సంస్థల గురించి కూడా పిల్లలు అడుగుతున్నారు. 2009లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి ప్రచురించిన అధ్యయనం, మన దేశంలోని చాలా సమూహాలు రెండు ప్రాచీన జనాల కలయిక నుంచి వచ్చినవేనని చూపింది. ఆ విజ్ఞానం మీద నాకు గౌరవం ఉంది, మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాల్లో వంశపారంపర్య జబ్బులు తెలుసుకోవడానికి అది ఎంతో ఉపయోగం. కానీ వేల ఏళ్ల కిందటి జనాల గురించి చెప్పే పరీక్ష మన ముత్తవ్వ ఏ ఊరి ఆడపడుచో చెప్పదు.

కాబట్టి రెండు జిల్లాల కలెక్టర్లకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. భూ రికార్డుల స్కానింగును పట్టా తగాదాలకు పనికివచ్చే రిజిస్టర్లతో ఆపకుండా ఇనాం రిజిస్టర్లు, పాత కవిలెలు, సెటిల్‌మెంటు పుస్తకాలు అన్నిటికీ విస్తరించాలి. వందేళ్లు దాటిన పుటలను ఎవరైనా ఊరి పేరుతో వెతికి చూసుకునే ఏర్పాటు చేయాలి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, తిరిగి తిరిగి, చివరికి రికార్డు కనబడలేదన్న జవాబు పుచ్చుకోవలసిన గతి ముత్తాత పేరు అడిగినవాడికి ఉండకూడదు. అటకల మీద కవిలె కట్టలు ఉన్న పాత కరణాల కుటుంబాల వారికీ ఒక మనవి. వచ్చే భోగికి ఇల్లు దులిపేటప్పుడు వాటిని మంటలో వేయకండి, పాతకాగితాల వాడికి తూకానికి ఇవ్వకండి. అందులో మీ ఒక్కరి పెద్దలే కాదు, ఊరందరి పెద్దలూ ఉన్నారు. తహశీల్దారు కచేరీలో రసీదు తీసుకుని అప్పగించండి. ఇచ్చే ముందు ప్రతి పుటనూ ఫోనుతో ఫొటో తీసి ఊరి గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టించండి.

ఇట్లు,
కందుకూరు నుంచి ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి