వాణిశ్రీ కొప్పు అడిగిన వాళ్లందరికీ

అక్కలకి, చెల్లెళ్లకి, మా షాపు మెట్లెక్కలేక కింద నుంచే కేకేసే పిన్నమ్మలకి నమస్కారం. దసరాకి 'పాత సినిమా మేకప్' అని బోర్డు పెట్టాను కదా, అప్పటి నుంచి ఇప్పటిదాకా 38 మందికి చేశాం. కొన్ని బాగా కుదిరాయి, కొన్ని అంతంతమాత్రం, ఒకటైతే ఘోరంగా చెడింది. కుదిరినవి మాత్రం స్టేటస్‌లో పెట్టుకుని కూర్చుంటే అది చూసి వచ్చేవాళ్లని మోసం చేసినట్టే కాబట్టి మొత్తం చెప్పేస్తున్నాను. సంక్రాంతి నుంచి కొన్ని పద్ధతులు మారుస్తున్నాం, బుకింగ్ చేసుకునే ముందు ఒకసారి చదవండి.

ముందు చెడిందే చెప్తా. నవంబర్లో కోవూరు దగ్గర ఒక రిసెప్షన్. పెళ్లికూతురు ఫోన్లో 'మాయాబజార్' శశిరేఖ ఫొటో చూపించి, "అక్కా, నాకు అచ్చం ఇట్టా కావాలి, ముఖం కూడా ఇంత తెల్లగా మెరవాలి" అంది. నేను ఆలోచించకుండా సరే అన్నాను. ఆ అమ్మాయిది చక్కటి చామనచాయ. దానిమీద రెండు షేడ్లు తెల్లగా ఉండే పాన్‌కేక్ అనే మేకప్ పూత తడి స్పాంజితో వేసి, పైన పౌడరు గట్టిగా అద్దాను. అద్దంలో నిజంగానే బాగుంది, మా షాపు లైట్లు పసుపు కదా, అన్నీ బాగానే ఉంటాయి. నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి మాట కూడా రాయకుండా ఒకే ఒక ఫొటో పంపింది. ఫ్లాష్ పడ్డ ఫొటో. ముఖం బియ్యప్పిండిలో ముంచి తీసినట్టుంది, మెడది ఒక రంగు, చెవులది ఇంకో రంగు, గోరింటాకు చేతులు చూస్తే అసలు వేరే మనిషివేమో అనిపిస్తాయి. వాళ్ల మేనత్త అక్కడే అందంట, "ఏందే, గోడకి సున్నం కొట్టినట్టుంది" అని. ఫోన్ చేసి నాలుగు తిట్టినా బాగుండేది, ఆ ఊరికే పంపిన ఫొటోకి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఏం జరిగిందంటే, సన్‌స్క్రీన్ కలిసిన చాలా ఫౌండేషన్లలో టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉంటాయి, కొన్ని పౌడర్లలో సిలికా ఉంటుంది. ఇవి ఫ్లాష్ వెలుగుని తిప్పి కెమెరా మీదకే కొడతాయి, మన కంటికి ఆనదు, ఫొటోలో మాత్రం తెల్లగా లేచొస్తుంది. ఇదేమీ నాకు తెలియనిది కాదు. మామూలు పెళ్లి మేకప్‌కైతే ఫ్లాష్ కొట్టి చూడకుండా కుర్చీలోంచి లేవనివ్వను. ఆరోజు పాత సినిమా మోజులో పడి మర్చిపోయాను, అంతే. డబ్బు మొత్తం తిరిగిచ్చేశాను. సగం చాలక్కా అంది ఆ అమ్మాయి, నేనే ఒప్పుకోలేదు.

తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ శశిరేఖ ఫొటోనే మళ్లీ మళ్లీ చూశాను. 1957 నాటి ఆ సినిమాకి కెమెరా మార్కస్ బార్ట్‌లీ. సావిత్రి గారి ముఖం మీద ఆ మెరుపులో సగం ఆయన పెట్టిన లైట్లదే, ఆయన్ని మేకప్ పెట్టెలో పెట్టుకుని కోవూరు కల్యాణ మండపానికి తీసుకుపోలేను కదా. పైగా నలుపు తెలుపు ఫిల్ముకి రంగుతో పనిలేదు, ముదురా లేతా అన్నదొక్కటే దానికి తెలిసేది. నమ్మకపోతే ముదురు ఎరుపు లిప్‌స్టిక్ వేసుకుని ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ పెట్టి చూసుకోండి, పెదాలు బొగ్గు తిన్నట్టు కనపడతాయి. ఇంకో తమాషా ఏంటంటే, రంగుల మాయాబజార్ స్క్రీన్‌షాట్ తెచ్చి 'ఇదే లిప్‌స్టిక్ షేడ్ కావాలి' అనేవాళ్లు. అది 2010లో కంప్యూటర్లో రంగులద్ది రిలీజ్ చేసిన ప్రింటమ్మా! ఆ పెదాల రంగు కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఎంచుకున్నది, మేకప్ గదిలో పూసింది కాదు. మిమ్మల్ని ఏమీ అనట్లేదు, ఆ షేడ్ కోసం చెన్నై ప్యారిస్ కార్నర్‌లో ఎండలో తిరిగొచ్చింది నేనే.

పాన్‌కేక్ సంగతి కూడా చెప్పేస్తా. అది 1930ల చివర్లో మ్యాక్స్ ఫ్యాక్టర్ వాళ్లు హాలీవుడ్ రంగుల సినిమాల కోసం తయారుచేసింది. అంతకుముందు వాడే జిడ్డు పెయింటు ఆ కెమెరాల ముందు నిగనిగ మెరిసిపోయేదని దీన్ని పొడిగా, మెరుపు లేకుండా చేశారు. స్టూడియోలో అంతంత లైట్లకి సరిపోయే పూత అది. మన ఫంక్షన్ హాల్లో చుట్టాలు జానెడు దూరంలో నిలబడి బుగ్గలు పట్టుకుని మరీ మాట్లాడతారు, అక్కడ అంత దళసరిగా వేస్తే గీతలు గీతలుగా విరుగుతుంది. అందుకని ఇకమీదట పల్చగా, మీ ఒంటి రంగులోనే వేస్తాం, మెడకీ చెవులకీ కలిపి. తెల్లగా చెయ్యమని మాత్రం అడగొద్దు, ఎక్కువ డబ్బులిస్తామన్నా చెయ్యను.

ఇక కొప్పు. 38 మందిలో 21 మంది అడిగింది వాణిశ్రీ కొప్పే. ఆమె మన నెల్లూరులో పుట్టిన మనిషి, అడక్కుండా ఎట్టా ఉంటారు. 'ప్రేమ్‌నగర్', 'దసరా బుల్లోడు' రెండూ 1971లో వచ్చాయి, వాటిని హాల్లో చూసిన పిన్నమ్మలు కూతుళ్లని వెంటేసుకుని వచ్చి నా వెనకే నిలబడి "ఇంకొంచెం ఎత్తు, ఇంకొంచెం ఎత్తు" అంటుంటారు. మొదట్లో నేను రెడీమేడ్ స్పాంజి రింగు పెట్టి, దానిమీద సవరం చుట్టి, పైనుంచి స్ప్రే కొట్టేదాన్ని. చూడ్డానికి గోపురంలా ఉండేది. రెండు గంటలయ్యేసరికి ఒక పక్కకి ఒరిగేది, తలనొప్పి అదనం. ఒక అక్కయితే దండలు మార్చుకునే టైముకి కొప్పుని చేత్తో పట్టుకుని నిలబడిందంట. ఒకరోజు ఊడదీసినదాన్ని పట్టుకెళ్లి మా వంటింటి కాటా మీద పెడితే 410 గ్రాములుంది. అరకిలో వంకాయలు నెత్తిన పెట్టి పంపిస్తున్నానన్నమాట.

దారి చూపించింది మా వీధి చివర ఉండే పెద్దమ్మ. కూచిపూడి నేర్చుకునే పిల్లలకి ఏళ్ల తరబడి జడలు కట్టిన చెయ్యి అది. ముందు నడినెత్తికి కాస్త కిందగా జుట్టు కూడదీసి నల్లదారంతో గట్టిగా బిగించింది, రబ్బరు బ్యాండు కాదు, దారం. నెత్తిమీద జుట్టుని పాయలు పాయలుగా తీసి వెనక్కి చిక్కుదువ్వి, పైపైన మాత్రం నున్నగా దువ్వింది. స్పాంజి పక్కన పడేసి, దువ్వెనలో రాలిన జుట్టు కూడబెట్టి జల్లెడ గుడ్డలో కుక్కిన చిన్న ఉండ పెట్టింది. దానిచుట్టూ జుట్టు తిప్పి, యూ పిన్నులు ఒకదానికొకటి అడ్డంగా పడేలా దారం ముడిలోకి గుచ్చింది. పిన్ను దారాన్ని పట్టుకోవాలి, జుట్టుని కాదు అంది. కొప్పు బరువు 180 గ్రాములకి దిగింది. రాత్రి ముహూర్తానికి కట్టించుకున్న అమ్మాయి మర్నాడు పొద్దున టిఫిన్ల దాకా అట్టాగే ఉందని చెప్పింది. వారానికి రెండు రోజులు పెద్దమ్మ ఇప్పుడు మా షాపులోనే ఉంటుంది. ఆమె అరుస్తుంది, తల కదిపితే నెత్తిమీద ఒకటి వేస్తుంది కూడా, ముందే చెప్తున్నా.

కళ్లకి పెద్దగా మారిందేం లేదు. పై గీత బయటికి లాగడం, కింద గీత దాంతో కలవకుండా మధ్యలో సందు వదలడం, అంతే. కనుబొమలు మాత్రం ఒక్క పూట ఫంక్షన్ కోసం సన్నగా తీయించుకోవద్దు, పెరగడానికి వారాలు పడుతుంది, ఈలోగా నన్నే తిట్టుకుంటారు. ఉన్నవాటినే సబ్బుతో అణిచి పైన గీస్తాం.

ఒంగోలు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది, "భానుమతి గారు మా దొడ్డవరం ఆమె, నాకు 'మల్లీశ్వరి' కావాలి" అంటూ. ఆమెకి నేను చేసిందల్లా పాపిట సరిగ్గా తీసి, కాటుక దిద్ది, బొట్టు పెట్టడం. మిగతాదంతా ఆమె గడ్డం కాస్త పైకెత్తి కూర్చున్న తీరులోనే ఉంది. నలభై నిమిషాల పనికి ప్యాకేజీ మొత్తం తీసుకోవడం నాకే సిగ్గనిపించి సగమే తీసుకున్నా. అందుకే ఇప్పుడు రేట్లు విడగొట్టాం. కొప్పు ఒక్కటే అయితే 1,200, కళ్లూ కొప్పూ కలిపి 2,000, మొత్తం అయితే 4,500. ఇంతకుముందు ఏదైనా 4,000 ఉండేది. పూలు మీవే. కోవూరు దాటి రావాలంటే కారు ఖర్చు మీది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మొత్తం మేకప్ తీసుకోను, కొప్పు కడతాను అంతే. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, నా పాన్‌కేక్ ఎంత.

ఇంకొకటి. హీరోయిన్ ఫొటోతో పాటు వీలైతే మీ అమ్మదో అమ్మమ్మదో పెళ్లి ఫొటో తెండి. ముఖం కోల కలుస్తుంది కాబట్టి కొప్పు ఎంత ఎత్తు పెట్టాలో, పాపిట ఎక్కడ తీయాలో నాకు తొందరగా తెలుస్తుంది. కావలి నుంచి వచ్చిన ఒకమ్మాయి వాళ్లమ్మ ఫొటో తెచ్చింది, స్టూడియోలో తీసింది, చూస్తే అచ్చం వాణిశ్రీ కొప్పే. పెద్దమ్మ ఆ ఫొటోని వెలుగులో పెట్టి చాలాసేపు చూసి, "పిన్నులు ఎడమ పక్క నుంచి గుచ్చారు" అంది.

సంక్రాంతి మూడు రోజుల్లో కనుమ నాడు షాపు మూసేస్తాం. కొప్పు కట్టించుకునే ముందురోజు తలంటు పోసుకుని రండి, అదే రోజు పోసుకుంటే జుట్టు జారిపోతుంది. మీ సవరం మీరే తెచ్చుకునేవాళ్లు దయచేసి కొబ్బరి నూనె రాసి తేవద్దు.