క్రిస్మస్ చెట్టుకు బోరు నీళ్లతోనూ ముప్పు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరులో అనంతపురంలో క్రిస్మస్ చెట్టని కొనే అరకేరియా మొక్కలు చాలా ఇళ్లలో ఉగాది నాటికే ఎర్రబారి ఎండిపోతున్నాయి. మన ఎండకు అది బతకదని పారేస్తున్నారు. ఎండ ఒక్కటే కాదు, బోరు నీళ్లూ కారణమే.

ఆ పేరుతో ఎక్కువగా దొరికేది కుక్ పైన్ అనే అరకేరియా రకం. సహజంగా పెరిగేది పసిఫిక్‌లో ఫ్రాన్స్ ఏలుబడిలోని న్యూ కాలెడోనియా దీవుల్లోనే. సముద్రపు గాలిని ఓర్చుకునే చెట్టే గానీ, బోరు నీళ్లతో వచ్చి తొట్టిలో వేళ్ల చుట్టూ పేరుకునే ఉప్పుకు తాళలేదు. మట్టిపైన చౌడులా తెల్లటి పొర కడుతుంది, అడుగు కొమ్మల కొసలు ఎర్రబడతాయి. నీళ్లు చాలలేదేమోనని మళ్లీ ఆ బోరు నీళ్లే పోస్తారు, ముప్పు ముదురుతుంది. పొర గీకేసి, తొట్టి అడుగు చిల్లులోంచి ధారగా కారేదాకా వాన నీళ్లో తాగే నీళ్లో నెలకోసారి పోయాలి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు వద్దేవద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. ఎండిన అడుగు కొమ్మ మళ్లీ పచ్చబడదు, అందుకే కొసలు ఎర్రబడగానే మేలుకోవాలి.

12 అంగుళాల తొట్టిలో రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు చాలు. వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్ద పగలకూడదు. పండగకు ఇంట్లో పెట్టిన మొక్కను నేరుగా మిద్దెమీదికి ఎక్కిస్తే మాడిపోతుంది. రెండు మూడు వారాలు చెట్టునీడన ఉంచాలి. మార్చి నుంచి జూన్ దాకా ఎండను సగం ఆపే 50 శాతం షేడ్ నెట్ కింద, తొట్టిని ఇటుకలమీద నిలపాలి.

చిటారు మొగ్గ తుంచితే చెట్టు రూపమే పోతుంది. పక్క కొమ్మ నాటితే వేళ్లు పట్టినా పక్కకే పాకుతుంది, నిటారుగా లేవదు. కాబట్టి నిట్టనిలువు కాండం చుట్టూ వలయాలుగా కొమ్మలున్న మొక్కే కొనండి.

ఇక పెరట్లో నాటే మాట. సొంతగడ్డమీద ఇది 200 అడుగుల దాకా లేస్తుంది. కరెంటు తీగల కింద, గోడ పక్కన తగదు. పైగా ఇది భూమధ్యరేఖ వైపు వాలుతుంది. ఐదు ఖండాల్లో 256 చెట్లను కొలిచి 2017లో ప్రచురించిన పరిశోధనలో సగటు వాలు 8.5 డిగ్రీలు. అంటే మన దగ్గర దక్షిణానికి. ఆ వైపు ఖాళీ ఉండాలి.

ఈ ఎత్తు, ఈ నీళ్ల సంగతి ఒక చీటీమీద రాసి ప్రతి తొట్టికీ కట్టి అమ్మాలని నర్సరీల వారిని కోరుతున్నాం.

– మొక్కల పెంపకందారులు, అనంతపురం