రామాలయం ధ్వజస్తంభ ప్రతిష్ఠ: విదేశాల్లో ఉన్న మన ఊరివారికి విజ్ఞప్తి

అమెరికా, గల్ఫ్, సింగపూర్‌లలో ఉంటున్న మన ఊరి బిడ్డలకు ఆలయ కమిటీ నమస్కారాలు.

వైశాఖంలో ధ్వజస్తంభ ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టాం. స్తంభానికి నారేప మాను వచ్చేసింది, ఇత్తడి తొడుగు ఒక్కటే మిగిలింది. పుచ్చిపోయిన పాత మాను తీసేశాక స్వామి ఎదుట బోసిగా ఉంది, చూడలేకపోతున్నాం. గుడి కట్టిన రోజుల్లో మీ తాతలు బస్తాలకు బస్తాలు ధాన్యం కొలిచారు. తుపానుకు మండపం కూలితే మీరే లేపారు. ఇప్పుడు ఇంకా నాలుగు లక్షల పైచిలుకు తక్కువ. లెక్కలన్నీ గుడి నోటీసు బోర్డులో ఉన్నాయి.

బాధేమిటంటే, కొందరు పంపిన డబ్బు వెనక్కి పోయింది. స్విఫ్ట్ కోడ్ (విదేశాల నుంచి డబ్బు పంపడానికి బ్యాంకు గుర్తు) అడిగిన చోట ఐఎఫ్‌ఎస్‌సీ (మన దేశంలో పంపుకోవడానికి బ్రాంచి గుర్తు) కొట్టారు! ఐఎఫ్‌ఎస్‌సీలో 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. స్విఫ్ట్‌లో 8 గానీ 11 గానీ ఉంటాయి, మొదటి నాలుగు బ్యాంకువి, ఆ తర్వాత రెండు దేశానివి, మనకైతే ఐ, ఎన్. మన ఊరి బ్రాంచికి సొంత స్విఫ్ట్ కోడ్ లేదు. అదే బ్యాంకు విదేశీ మారక శాఖ కోడ్ వేసి, ఖాతా నంబరు మాత్రం గుడిదే ఇవ్వాలి. ఐబ్యాన్ (కొన్ని దేశాల్లో వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు) మన దేశంలో లేదు, దానికోసం వెతక్కండి. ఖాతా పేరు మేం పంపిన చీటీలో ఉన్నట్టే రాయండి, 'రాములవారి గుడి' అంటే బ్యాంకుకు తెలియదు. డబ్బు దేనికో చెప్పే పర్పస్ కోడ్ పీ1303. మధ్య బ్యాంకులు కోత వేస్తాయి కాబట్టి ఛార్జీలు మీరే భరించే పద్ధతి ఎంచుకుంటే పుణ్యం. మన దేశ బ్యాంకుల్లో ప్రవాసుల ఖాతా (ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ) ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు, ఐఎఫ్‌ఎస్‌సీతో నెఫ్ట్ చేసేయండి.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే, తమ సొంత డబ్బే పంపాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, దయచేసి పంపకండి. వారి డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కావాలి, మన గుడికి అది లేదు. స్నేహితుల దగ్గర పోగుచేసి మీ పేరున పంపడమూ వద్దు. ఊరికొచ్చి దర్శనం చేసుకోండి, చాలు.

ఇక రథం. ఉపాధ్యక్షుల వారు ఈ ఉత్తరంలో రథం మాట లేకపోతే సంతకం పెట్టనన్నారు. పాత రథానికి చక్రాలు సరిలేవు, నిజమే. టేకు కావాలి, పైన కలశం కావాలి, నిలపడానికి షెడ్డు కావాలి, షెడ్డుకు ఇనుప తలుపులు కావాలి. ఆయన గీయించిన బొమ్మ వాట్సాప్‌లో మీ అందరికీ రెండుసార్లు వచ్చే ఉంటుంది. రథానికే ఇస్తామనేవాళ్లు ఆ మాట రిమార్కుల్లో రాయండి. ముందు ధ్వజస్తంభం మాత్రం నిలబెట్టనివ్వండి.

అన్నదానానికి ఫోటోలు అడిగేవాళ్లు దీనికీ చేయి కలపాలి కదా! విదేశాల నుంచి డబ్బు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈ వారంలోనే పంపండి. పంపాక బ్యాంకు రసీదు కోశాధికారికి పెట్టండి, పేరు, గోత్రం రాయడం మరవద్దు.

ఇట్లు,
ఆలయ కమిటీ